లేతు మీద చివరి కోత

విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాదు బాలానగర్‌లోనో, లేదా మీ ఊళ్ళో పంపుసెట్లు బాగుచేసే షెడ్డులోనో లేతు మిషను పనిచేస్తూండగా మీరు చూసే ఉంటారు. ఇనుప కడ్డీ గిరగిర తిరుగుతూ ఉంటుంది. ఒక గట్టి ఉక్కు పనిముట్టు మెల్లగా దాన్ని తాకుతుంది. బంగాళాదుంప తొక్కు లేచినట్లు లోహం చుట్టలు చుట్టలుగా లేచి వస్తుంది. చూస్తూంటే ఎంతో తేలికగా కనిపిస్తుంది.

కాని, పని అంతా అయ్యాక ఒక ఘట్టం వస్తుంది. నునుపు చేసి, బెజ్జం వేసి తయారుచేసిన భాగాన్ని మిగిలిన కడ్డీ నుంచి తెగ్గొట్టాలి. దీన్ని 'పార్టింగ్' అంటారు. అంతవరకు ధీమాగా ఉన్న పనివాడు కూడా అప్పుడు కాస్త ముందుకు వంగి, చెవులు రిక్కించి వింటాడు. ఎందుకంటే ఇది చివరి కోత. ఇక్కడ టూలు విరిగితే టూలు ఒక్కటే పోదు. అంతవరకు పడిన శ్రమ, వాడిన లోహం కూడా పోతాయి. చిన్న లేతుల మీద ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఈ కోత ఎందుకు చెడుతుంది? చెడినప్పుడు కారణం ఎలా పట్టుకోవాలి? ఇందులో మంత్రమేమీ లేదు. మీ పాఠ్యపుస్తకాల్లోని భౌతికశాస్త్రమూ, కొంచెం త్రికోణమితీ చాలు. మన లెక్కలకు ఒకే ఉదాహరణ తీసుకుందాం: 25 మి.మీ. వ్యాసం గల మెత్తని ఉక్కు కడ్డీ; 2 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. ఎత్తు గల పార్టింగ్ టూలు.

మామూలు కోతకూ దీనికీ తేడా

లేతులో కడ్డీని బిగించి తిప్పే భాగం చక్. టూలును పట్టి ఉంచేది టూల్ పోస్టు. టూలును కడ్డీ కేంద్రం వైపు నడిపేది క్రాస్ స్లైడు. దీనంతటినీ మోస్తూ లేతు పొడవునా జరిగేది క్యారేజీ. ఈ నాలుగు పేర్లు గుర్తుంచుకుంటే చాలు.

కడ్డీని పైపైన చెక్కేటప్పుడు టూలు ఒక పక్కనుంచే లోహాన్ని తాకుతుంది. లేచిన పొట్టు, అంటే చిప్, ఎటైనా పోవచ్చు. టూలు కూడా లావుగా, బలంగా ఉంటుంది. పార్టింగ్‌లో అలా కాదు. టూలు తను తవ్విన సన్నని గాడిలోకి తనే దిగుతుంది. రెండు పక్కలా లోహపు గోడలే. చిప్ బయటకు రావాలంటే ఉన్నది ఒకటే దారి. టూలు లావుగా ఉంటే గాడిలో పట్టదు. సన్నగా ఉంటే బలం చాలదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

అందుకే ఈ టూలును సన్నగా, కాని ఎత్తుగా చేస్తారు. మీ ప్లాస్టిక్ స్కేలును పడుకోబెట్టి వంచితే ఇట్టే వంగుతుంది. అంచు మీద నిలబెట్టి వంచి చూడండి, వంగదు. వంపుకు ఎదురు నిలిచే శక్తి వెడల్పుకు అనుపాతంలోనూ, ఎత్తు ఘనానికి అనుపాతంలోనూ పెరుగుతుంది. మన టూలుకు లెక్క కడదాం. కిందికి వంచడానికి ఎదురు నిలిచే శక్తి 2 × 12 × 12 × 12 = 3456. పక్కకు వంచడానికి ఎదురు నిలిచేది 12 × 2 × 2 × 2 = 96. అంటే ఈ టూలు పక్కకు ఒత్తిడి పడితే 36 రెట్లు బలహీనం!

కనుక మొదటి జాగ్రత్త ఏమిటో తెలిసింది గదా? టూలు కడ్డీకి సరిగ్గా లంబంగా ఉండాలి. రవ్వంత వాలుగా బిగించినా, లోతుకు పోయేకొద్దీ దాని పక్క గాడి గోడకు రాసుకుంటుంది. ఆ పక్క ఒత్తిడికే అది విరుగుతుంది. వడ్రంగి వాడే మూలమట్టం వంటిదాన్ని చక్ ముఖానికి ఆనించి టూలును సరిచూసుకుంటే ఈ బాధ తప్పుతుంది. టూలు పక్కలను కూడా మొన దగ్గర వెడల్పుగా, వెనక్కి పోయేకొద్దీ సన్నగా, ఒకటి రెండు డిగ్రీల వాలుతో సానపడతారు. గాడి గోడలకు మొన తప్ప మరేదీ తగలకూడదన్నది దీని ఉద్దేశం.

టూలు ఎంత బయటకు ఉండాలి?

టూల్ పోస్టు నుంచి బయటకు చొచ్చుకువచ్చిన టూలు ఒక చివర బిగించిన దూలం వంటిది. ఇలాంటి దూలం కొన మీద ఒకే బరువు పెట్టినప్పుడు, అది వంగే దూరం పొడవు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. పొడవు రెట్టింపయితే వంపు రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు!

మన కడ్డీ వ్యాసార్ధం 12.5 మి.మీ. టూలు 15 మి.మీ. బయటకు ఉంటే చాలు. "ఎందుకైనా మంచిది" అని 30 మి.మీ. బయటకు పెట్టారనుకోండి, మొన ఎనిమిది రెట్లు ఎక్కువగా వంగుతుంది. చాలామంది కొత్తవాళ్ళ టూళ్ళు విరగడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇదే సూత్రం కడ్డీకీ వర్తిస్తుంది. కోత చక్‌కు వీలైనంత దగ్గరగా ఉండాలి. దూరంగా కోస్తే వంగేది, ఎగిరేది కడ్డీయే.

"అయితే కడ్డీ రెండో చివరను కూడా టెయిల్ స్టాక్‌తో బిగించి పట్టుకుంటే ఇంకా గట్టిగా ఉంటుంది గదా?" అని మీకు తోచవచ్చు. తెగేదాకా అలా పట్టి ఉంచడం పెద్ద ప్రమాదం. రెండు దిమ్మల మీద ఆనించిన దుంగను మధ్యలో రంపంతో కోస్తే ఏమవుతుంది? చివరికి వచ్చేసరికి దుంగ రెండు ముక్కలూ మధ్యకు వాలి రంపాన్ని పట్టేస్తాయి. ఇక్కడా అంతే. తెగే ముక్కకు విడిపోయే స్వేచ్ఛ ఉండాలి.

మొన ఎత్తు

పని నేర్చుకునేవారు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: "మొదట చక్కగా కోసింది. మధ్యకు వచ్చేసరికి కోయడం మానేసింది. ఎందుకు?"

దీనికి జవాబు టూలు మొన ఎత్తులో ఉంది. మొన సరిగ్గా కడ్డీ కేంద్రం ఎత్తులో ఉండాలి. మొన కింది ముఖం కడ్డీకి రాసుకోకుండా దాన్ని కొంచెం లోపలికి వాలుగా సానపడతారు. ఈ ఖాళీ కోణం సుమారు 7 డిగ్రీలు అనుకుందాం.

ఇప్పుడు టూలు అరమిల్లీమీటరు ఎత్తుగా బిగించారనుకోండి. మొన కడ్డీని తాకే బిందువు నుంచి కేంద్రానికి గీసిన వ్యాసార్ధం ఇక అడ్డంగా ఉండదు. కొంచెం ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలు ఎంతో, ఖాళీ కోణం అంత తగ్గిపోతుంది. ఆ వాలు కోణపు సైన్ విలువ = ఎత్తులోని తేడా ÷ వ్యాసార్ధం.

కోత మొదట్లో వ్యాసార్ధం 12.5 మి.మీ. సైన్ విలువ 0.5 ÷ 12.5 = 0.04. కోణం 2.3 డిగ్రీలు. ఏడులో అది పోయినా ఇంకా 4.7 డిగ్రీలు మిగిలింది. టూలు హాయిగా కోస్తుంది. వ్యాసార్ధం 4 మి.మీ.కు తగ్గాక? 0.5 ÷ 4 = 0.125. కోణం 7.2 డిగ్రీలు. ఖాళీ అంతా హరించుకుపోయింది! ఇప్పుడు కడ్డీని తాకుతున్నది మొన కాదు, దాని కింది ముఖం. అది కోయదు, రుద్దుతుంది. రుద్దితే వేడి, పొగ, కీచుమనే చప్పుడు. పనివాడు ఇంకా గట్టిగా నెడతాడు. టూలు విరుగుతుంది.

తేడా అరమిల్లీమీటరు కాక 0.1 మి.మీ. మాత్రమే ఉంటే? అప్పుడు వ్యాసార్ధం 0.8 మి.మీ.కు తగ్గేదాకా చిక్కు రాదు. ఎత్తు సరిచూసుకోవడానికి అయిదు నిమిషాలు పట్టినా లాభమే అన్నమాట.

టూలు కేంద్రానికి కిందుగా ఉంటే? అప్పుడు ఖాళీ కోణం పెరుగుతుంది, రుద్దుడు ఉండదు. కాని మొన కేంద్రానికి చేరనే చేరదు. మధ్యలో ఒక చిన్న బొడిపె మిగిలిపోతుంది. అంతకన్నా చెడ్డ సంగతి, సన్నబడిన కడ్డీ టూలు మీదికి ఎక్కడానికి చూస్తుంది.

ఎత్తు తెలుసుకునే ఒక తేలిక ఉపాయం చూడండి. మిషను ఆపి, ఒక సన్నని ఉక్కు స్కేలును నిలువుగా కడ్డీకీ టూలు మొనకూ మధ్య పెట్టి, పడిపోకుండా నిలిచేంత మెల్లగా టూలును ఆనించాలి. స్కేలు నిటారుగా నిలిస్తే ఎత్తు సరిగా ఉంది. స్కేలు పై చివర పనివాడి వైపు వాలితే టూలు కిందుగా ఉంది. అవతలికి వాలితే టూలు ఎత్తుగా ఉంది. వృత్తానికి స్పర్శరేఖ గీసి చూడండి. ఇలా ఎందుకో మీకే తెలుస్తుంది.

వేగం ఎంత? ఫీడు ఎంత?

కడ్డీ ఉపరితలం నిమిషానికి ఎన్ని మీటర్లు టూలు ముందు నుంచి జరిగిపోతుందో దాన్ని కోత వేగం అంటారు. మన కడ్డీ చుట్టుకొలత 3.14 × 25 = 78.5 మి.మీ. నిమిషానికి 200 చుట్లు తిరిగితే 15.7 మీటర్లు. హై స్పీడ్ స్టీలు టూలుతో మెత్తని ఉక్కును పైపైన చెక్కడానికి నిమిషానికి 25 నుంచి 30 మీటర్ల దాకా వాడుకోవచ్చు. పార్టింగ్‌కు అందులో సగం చాలు. కనుక 200 చుట్లు తగిన వేగమే.

చుట్ల సంఖ్య మారకపోయినా, లోపలికి పోయేకొద్దీ కోత వేగం తగ్గుతుంది. వ్యాసం 5 మి.మీ. అయ్యేసరికి అది 3.14 మీటర్లు మాత్రమే. కేంద్రం దగ్గర సున్నా! చివరి భాగం ఎప్పుడూ మొండికేయడానికి ఇదీ ఒక కారణం.

టూలును ఒక్కో చుట్టుకు ఎంత ముందుకు నడుపుతామో అది ఫీడు. ఒక్కో చుట్టుకు 0.05 మి.మీ. చొప్పున నడిపితే 12.5 మి.మీ. పోవడానికి 250 చుట్లు కావాలి. నిమిషానికి 200 చుట్లు గనుక ఒకటింబావు నిమిషం పడుతుంది. చేత్తో తిప్పేటప్పుడు ఈ కాలాన్ని మనసులో పెట్టుకుంటే మంచిది.

భయపడి మరీ మెల్లగా నడిపితే? టూలు కోయడం మాని రుద్దుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వంటి లోహాలైతే ఆ రుద్దుడుకు పైపొర గట్టిపడి, తరువాత అసలే తెగదు. కనుక ఫీడు తక్కువైనా చిక్కే, ఎక్కువైనా చిక్కే. ఆగకుండా, ఒకే తీరుగా నడపాలి. ఆపదలచుకుంటే టూలును వెంటనే వెనక్కి తీయాలిగాని, కడ్డీకి ఆనించి ఉంచకూడదు.

కీచుమనే చప్పుడు

పార్టింగ్ చేసేటప్పుడు మిషను ఒక్కోసారి పెద్దగా కీచుమంటుంది, లేదా గడగడలాడుతుంది. దీన్ని 'చాటర్' అంటారు. లోహాల కోతను ఎన్నో ఏళ్ళు పరిశోధించిన అమెరికన్ ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1907లో తన ఫలితాలు ప్రకటించినప్పుడు, పనివాడికి ఎదురయ్యే సమస్యలన్నిటిలోనూ అంతుబట్టనిది ఇదేనన్న అభిప్రాయం వెలిబుచ్చాడు. 1950 తరువాతి పరిశోధనలతో దీని గుట్టు బాగా తెలిసింది.

మట్టిరోడ్డు మీద బండ్లు తిరగగా తిరగగా అలల వంటి గతుకులు పడడం మీరు చూసే ఉంటారు. ఒక చిన్న గతుకు దగ్గర చక్రం ఎగిరి, కాస్త ముందు దభాలున పడుతుంది. అక్కడ మరో గుంట పడుతుంది. తరువాతి బండి ఆ గుంటలను మరింత లోతు చేస్తుంది. చాటర్ కూడా ఇలాంటిదే. టూలు ఒకసారి వణికితే కడ్డీ మీద సన్నని అలలు పడతాయి. కడ్డీ ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి టూలుకు ఆ అలలే ఎదురవుతాయి. మిట్ట దగ్గర చిప్ మందం ఎక్కువ, పల్లం దగ్గర తక్కువ. దాంతో టూలు మీద పడే బలం హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ ఊపు టూలు సహజ కంపనంతో కలిసివస్తే వణుకు చుట్టు చుట్టుకూ పెరుగుతుంది.

మరి మందేమిటి? ముందుగా చుట్ల సంఖ్య తగ్గించాలి. తరువాత, వింతగా తోచవచ్చుగాని, ఫీడును కొంచెం పెంచి చూడాలి. రుద్దుతున్న మొన లోహాన్ని గట్టిగా పట్టుకుంటే వణుకు చాలాసార్లు అణగిపోతుంది. అప్పటికీ తగ్గకపోతే మిషనులో వదులు ఎక్కడుందో వెదకాలి. క్రాస్ స్లైడు పక్కన గిబ్ అనే సన్నని పట్టీ ఉంటుంది. దాని మరలు వదులైతే స్లైడు ఊగుతుంది. క్యారేజీని కదలకుండా బిగించారా? టూలు మరీ వెడల్పా? వెడల్పు రెట్టింపయితే కోత బలమూ దాదాపు రెట్టింపవుతుంది. చిన్న లేతుకు సన్నని టూలే మేలు.

టూలు లోపలికి దూసుకుపోతే

పార్టింగ్‌లో అన్నిటికన్నా భయంకరమైనది ఇదే. టూలు ఉన్నట్టుండి కడ్డీలోకి గుచ్చుకుంటుంది. 'ఠప్'మని శబ్దం, టూలు ముక్కలవుతుంది, లేదా కడ్డీ చక్‌లోంచి జారిపోతుంది.

ఒక కర్ర పట్టుకుని, కొనను మీ ముందు నేలకు ఆనించి ముందుకు నెట్టుకుంటూ నడవండి. నేల గరుకుగా ఉన్న చోట కొన గుచ్చుకుని కర్ర నిలవేస్తుంది. అదే కర్రను వెనక ఈడ్చుకుంటూ పోతే గరుకు తగిలినప్పుడు ఎగిరి దాటిపోతుంది, గుచ్చుకోదు.

మామూలుగా టూలు కడ్డీకి ముందు వైపు ఉంటుంది. తిరిగే కడ్డీ దాన్ని కిందికి నొక్కుతుంది. టూలు, దాన్ని పట్టిన స్లైడు కాస్త ముందుకు ఒరుగుతాయి. ఒరిగే ఇరుసు మొనకన్నా కిందుగా ఉంటుంది గనుక మొన కిందికే కాక కడ్డీ వైపుకు కూడా జరుగుతుంది. అంటే కోత లోతు పెరుగుతుంది. లోతు పెరిగితే బలం పెరుగుతుంది. బలం పెరిగితే ఇంకా ఒరుగుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. క్రాస్ స్లైడు మరలో వదులు ఉంటే అది దీనికి తోడవుతుంది. ఆ వదులు మేరకు టూలు తనంత తానే లోపలికి లాగబడుతుంది.

దీనికి చిన్న లేతులు వాడేవారు చక్కని ఉపాయం కనిపెట్టారు. టూలును కడ్డీకి వెనక వైపున, తలకిందులుగా బిగిస్తారు. కడ్డీ తిరిగే దిశ మారదు. వెనక వైపు కడ్డీ ఉపరితలం పైకి కదులుతుంది కాబట్టి టూలు పైకి నెట్టబడుతుంది. అలా పైకి లేచిన మొన కడ్డీకి దూరంగా జరుగుతుంది. ఈడ్చిన కర్రలాగా అన్నమాట. కడ్డీ మీద బలం కిందికి పడుతుంది. అది పైకి ఎగరక బేరింగులో కుదురుగా కూర్చుంటుంది.

చిప్పులు, నూనె

పార్టింగ్ బాగా సాగుతూంటే చిప్ గడియారం స్ప్రింగులా చుట్టుకుంటూ వస్తుంది. రజనులా పొడి రాలుతూంటే టూలు రుద్దుతున్నదని అర్థం. చిప్ గాడిలో ఇరుక్కుంటే, దాని వెనక వచ్చేవన్నీ అక్కడే కూరుకుని టూలును పట్టేస్తాయి. అందుకని లోతు కోతలో మూడు నాలుగు మిల్లీమీటర్లకొకసారి టూలును వెనక్కి తీసి, అరమిల్లీమీటరు పక్కకు జరిపి గాడిని వెడల్పు చేస్తారు. చిప్‌కు చోటు దొరుకుతుంది.

ఉక్కుకు కటింగ్ ఆయిల్ గాని, నీటిలో కలిపితే పాలలా తెల్లబడే నూనె గాని ధారగా పోయాలి. అల్యూమినియం మొనకు అంటుకుంటుంది. దానికి కిరోసిన్ పనికివస్తుంది. ఇత్తడి, పోత ఇనుము మామూలుగా పొడిగానే తెగుతాయి. ఇత్తడికి టూలు పైముఖం వాలు లేకుండా చదునుగా ఉండాలి, లేకపోతే గుచ్చుకుంటుంది.

రోగం చూసి కారణం పట్టండి

మొదట బాగా కోసి మధ్యలో మానేస్తే: మొన ఎత్తుగా ఉంది.
మధ్యలో బొడిపె మిగిలితే: మొన కిందుగా ఉంది.
తెగిన ముఖం గుంటగానో ఉబ్బుగానో ఉంటే: టూలు లంబంగా లేదు, లేదా మొన ఏటవాలుగా సానపట్టి ఉంది.
కీచుమంటే: వేగం ఎక్కువ, ఫీడు తక్కువ, లేదా ఎక్కడో వదులు ఉంది.
పొగ, పొడి వస్తే: మొన మొద్దుబారింది, లేదా రుద్దుతోంది.
ఉన్నట్టుండి గుచ్చుకుంటే: స్లైడు వదులు, టూలు పొడవు, ఎత్తు – మూడూ చూడండి.

ఒక్క మాట మరువకండి. ఒకేసారి అన్నీ మార్చకూడదు. ఒకటి మార్చాలి, కోసి చూడాలి, తరువాతే రెండోది. లేకపోతే రోగం కుదిరినా ఏ మందుకు కుదిరిందో తెలియదు. ప్రయోగశాలలో మీరు పాటించే పద్ధతే ఇది.

జాగ్రత్తలు

లేతు ఆటవస్తువు కాదు. తెలిసిన పెద్దవారు పక్కన లేకుండా దాని జోలికి పోకూడదు. కళ్ళద్దాలు తప్పనిసరి. చేతి తొడుగులు, వదులు చొక్కాలు, వేలాడే జడలు, గొలుసులు మిషను దగ్గరకు రాకూడదు. చక్ తాళాన్ని చక్‌లో వదిలి మిషను వేయరాదు. చిప్పులను చేత్తో లాగరాదు. తెగి పడే ముక్కను చేత్తో పట్టబోవద్దు. టూలు ఇరుక్కుంటే ముందు మిషను ఆపాలి. చక్‌ను చేత్తో వెనక్కి తిప్పి, ఆ తరువాతే టూలు బయటకు తీయాలి.

మీరే చేసి చూడండి

ఒక పొడవాటి స్కేలును బల్ల అంచున నొక్కిపట్టి, 10 సెం.మీ. బయటకు ఉంచి, కొనకు చిల్లర నాణేల సంచి వేలాడదీయండి. ఎంత వంగిందో కొలవండి. తరువాత 20 సెం.మీ. బయటకు ఉంచి అదే సంచితో మళ్ళీ కొలవండి. ఎనిమిది రెట్లకు ఎంత దగ్గరగా వచ్చింది?

ఇక మూడు లెక్కలు:
1. 20 మి.మీ. కడ్డీ నిమిషానికి 240 చుట్లు తిరిగితే కోత వేగం ఎంత?
2. ఖాళీ కోణం 7 డిగ్రీలు (సైన్ విలువ 0.122). టూలు 0.3 మి.మీ. ఎత్తుగా ఉంటే ఏ వ్యాసార్ధం దగ్గర రుద్దడం మొదలవుతుంది?
3. టూలు పొడవు 10 నుంచి 15 మి.మీ.కు పెంచితే వంపు ఎన్ని రెట్లవుతుంది?

జవాబులు: 1. సుమారు 15 మీటర్లు. 2. సుమారు 2.5 మి.మీ. 3. సుమారు 3.4 రెట్లు.

ఈసారి లేతు షెడ్డు ముందు నుంచి పోతున్నప్పుడు, అనుమతి అడిగి కాస్త దూరంగా నిలబడి చివరి కోతను గమనించండి. టూలు ఎంత బయటకు ఉంది? చిప్ ఎలా వస్తోంది? చప్పుడు ఎలా ఉంది? పనివాడు వింటున్నది ఏమిటో అప్పుడు మీకూ వినిపిస్తుంది.